అంగం వంకర తిరిగిందా? తొందర వద్దు... దాపరికమూ వద్దు

యాభై దాటిన మగవాళ్లలో కొందరు ఉన్నట్టుండి ఓ మార్పు గమనిస్తారు. స్తంభించినప్పుడు అంగం మునుపటిలా నిటారుగా ఉండదు. పైకో, ఓ పక్కకో వంగుతుంది. తడిమి చూస్తే చర్మం కింద గట్టిగా, గింజలా ఏదో తగులుతుంది. కలయిక సమయంలో నొప్పి. ఇక మనసులో క్యాన్సరేమోనన్న భయం మొదలవుతుంది. ఆ భయాన్ని భార్యకు చెప్పరు, డాక్టరుకూ చెప్పరు. షుగర్‌ మందుల కోసం నెలనెలా మా ఓపీకి వచ్చేవాళ్లలోనూ ఈ మాట బయటపెట్టేది చాలా తక్కువమంది. చెప్పినా, లేచి వెళ్లిపోతూ తలుపు దగ్గర ఆగి చెబుతారు.

దీన్ని పెరోనీస్‌ డిసీజ్‌ అంటారు. 1743లో దీన్ని వివరంగా రాసిన ఫ్రెంచి సర్జన్‌ పెరోనీ పేరే దీనికి పెట్టారు. ఇది క్యాన్సర్‌ కాదు. అంటువ్యాధి కాదు. హస్తప్రయోగం వల్లనో, ‘ఒంట్లో వేడి’ వల్లనో వచ్చేదీ కాదు. అయితే చర్మం మీద మానని పుండు, రక్తం, చీము కనిపిస్తే అది వేరే సంగతి. అలాంటప్పుడు ఆలస్యం చేయకూడదు.

అంగంలో రక్తం నిండే రెండు గొట్టాల్లాంటి భాగాలుంటాయి. వాటి చుట్టూ గట్టిగా, సాగే గుణంతో ఒక పొర ఉంటుంది. కలయిక సమయంలో అంగం ఒక్కసారిగా మడతపడినా, పదేపదే చిన్న దెబ్బలు తగిలినా ఆ పొర లోపల కొద్దికొద్దిగా చిట్లుతుంది. చాలామందికి అలా మానిపోతుంది. కొందరిలో మాత్రం అక్కడ మచ్చ కణజాలం పేరుకుని గట్టిపడుతుంది. జాతరలో అమ్మే పొడవాటి బుడగకు ఒకవైపు టేపు అంటించి ఊదండి. టేపు ఉన్న వైపు సాగదు, బుడగ అటే వంగుతుంది. ఇదీ అంతే. దెబ్బ తగిలినట్టు గుర్తే లేనివాళ్లూ చాలామంది ఉంటారు. మధుమేహం ఉన్నవాళ్లలో, అరచేతిలో తాడులా గట్టిపడి వేళ్లు ముడుచుకుపోయే సమస్య ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అందుకే ఈ సమస్యతో ఎవరొచ్చినా నేను ముందు షుగర్‌ పరీక్ష రాస్తాను.

మొదటి ఏడాది కీలకం

ఈ జబ్బుకు రెండు దశలు. మొదటి దశలో నొప్పి ఉంటుంది, వంపు నెమ్మదిగా పెరుగుతుంది. ఇది ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా సాగవచ్చు. తర్వాత నొప్పి దానంతటదే పోతుంది, వంపు ఒకచోట స్థిరపడుతుంది. అది పూర్తిగా సరైపోయేది కొద్దిమందిలోనే.

మోసాలు ఎక్కువగా జరిగేది ఈ మొదటి దశలోనే. నొప్పి ఎలాగూ తగ్గుతుంది కాబట్టి ఆ ఘనత అప్పుడు వాడుతున్న చూర్ణానికో, లేహ్యానికో, తైలానికో దక్కుతుంది. ‘గుప్త రోగాల’ బోర్డు పెట్టుకున్నవాళ్లకు వేలకు వేలు పోసి, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. అల్లోపతిలోనూ అన్నీ పనిచేస్తాయని కాదు. విటమిన్‌-ఇ మాత్రలు ఏళ్లుగా రాస్తున్నారు. అవి వంపు తగ్గిస్తాయనడానికి సరైన ఆధారం లేదు. అమెరికన్‌ యూరలాజికల్‌ అసోసియేషన్‌ మార్గదర్శకాలు వాటిని వద్దనే అంటున్నాయి. షాక్‌వేవ్‌ చికిత్స నొప్పికి కొంత ఉపయోగపడవచ్చు గానీ వంపును సరిచేయదు. ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఈ ముక్క గుర్తుంచుకోండి.

మరి ఈ దశలో చేయాల్సిందేమిటి? నొప్పికి డాక్టరు రాసిన మాత్రలు. షుగర్‌ అదుపు. సిగరెట్‌ మానడం. నొప్పి పుట్టించే, అంగం మడతపడే భంగిమలకు దూరంగా ఉండటం. ఇంకొకటి: స్తంభించిన స్థితిలో పైనుంచి, పక్కనుంచి ఫోన్లో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. వంపు ఎంతుందో మాటల్లో చెప్పడం కష్టం, ఫొటో ఆ పని చేస్తుంది. అది ఫ్యామిలీ గ్రూపులోకి పోకుండా చూసుకోవడం మీ బాధ్యత!

మచ్చ ఉన్నచోటికే ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. వంపు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోతుందని ఆశించకూడదు. ఆపరేషన్‌ కలయికకు అడ్డం వచ్చేంత వంపు ఉన్నవాళ్లకే. అదీ జబ్బు మొదలై ఏడాది గడిచి, కొన్ని నెలలుగా వంపు మారకుండా ఉన్నప్పుడే. తొందరపడి చేయించుకుంటే మళ్లీ వంగే ప్రమాదం ఉంది. ఒక పద్ధతిలో వంపునకు ఎదురువైపు కుట్లు వేసి నిటారు చేస్తారు. దీంతో పొడవు కాస్త తగ్గుతుంది, ఇది ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. వంపు మరీ ఎక్కువైతే మచ్చను కోసి అతుకు వేస్తారు. ఇందులో స్తంభన బలహీనపడే అవకాశం కొంత ఎక్కువ. స్తంభనే సరిగా లేక, మాత్రలకూ లొంగకపోతే ఇంప్లాంట్‌ అమర్చడం మేలు.

ఇల్లాలికి ఒక మాట. ఆయన కొన్నాళ్లుగా దూరంగా జరుగుతున్నా, చిరాకు పడుతున్నా ప్రేమ తగ్గిందనో, ఇంకెవరో ఉన్నారనో అనుకునేముందు ఒంట్లో ఏమైనా ఇబ్బందా అని అడగండి. ఈ జబ్బులో కుంగుబాటు తరచుగా చూస్తాం. వీలైతే డాక్టరు దగ్గరికి ఇద్దరూ రండి.

పెళ్లికాని కుర్రాళ్లు కంగారుపడొద్దు. కొద్దిపాటి వంపు మామూలే. యుక్తవయసు నుంచీ ఒకేలా ఉండి, గడ్డ, నొప్పి లేకపోతే అది పుట్టుకతో వచ్చిన వంపు, చాలామందికి చికిత్సే అక్కర్లేదు. పసిపిల్లల్లో మూత్రం వచ్చే రంధ్రం కింది వైపు ఉండి, అంగం వంగి ఉంటే మాత్రం పిల్లల సర్జన్‌కు చూపించాలి. ఆపరేషన్‌ సాధారణంగా ఆరు నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య చేస్తారు. ఆలోగా సున్తీ చేయించకూడదు. ఆ చర్మం ఆపరేషన్‌కు కావాల్సి రావచ్చు.

కలయికలో ‘టప్‌’మని శబ్దం వచ్చి, స్తంభన ఒక్కసారిగా పోయి, అంగం వాచి నల్లబడితే అది పెరోనీస్‌ కాదు, పొర చిరిగిపోవడం. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే క్యాజువాల్టీకి వెళ్లాలి.

మిగతావాళ్లు యూరాలజీ ఓపీకి వెళ్తే సరిపోతుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్‌ లాంటి పెద్దాసుపత్రుల్లో ఆ విభాగం ఉంది. కౌంటర్లో చీటీ రాసేవాళ్లు ఏం సమస్య అని అడిగితే ‘యూరాలజీ’ అనండి చాలు. మిగతాది లోపల డాక్టరుకు చెప్పొచ్చు.