ఎఫెక్ట్ ఎక్కడ వేయాలి, ఎక్కడ ఆపాలి: ఆటోనగర్‌లో డిజైన్ పనికి దిగేవారికి

ఈ పీడీఎఫ్ ఎవరి కోసం?

డీటీపీ, ఫొటో ఎడిటింగ్, గ్రాఫిక్ డిజైన్ శిక్షణ తీసుకున్నవారికి, తీసుకుంటున్నవారికి, ముద్ర రుణంతో చిన్న డిజైన్ షాపు పెట్టాలనుకునేవారికి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లు, స్పేర్ పార్ట్స్ అమ్మేవాళ్లు, పెయింటర్లు, మెకానిక్‌లు ఉన్నారు. వీళ్లందరికీ బోర్డు కావాలి, విజిటింగ్ కార్డు కావాలి, బండి మీద పేరు కావాలి. పని ఉంది. అయితే శిక్షణలో నేర్చుకున్న ఎఫెక్టులన్నీ ఒకే డిజైన్‌లో గుమ్మరిస్తే ఆ పని మీ దగ్గర నిలవదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఎఫెక్ట్ స్క్రీన్ మీద కాదు, ఫ్లెక్సీ మీద, రేడియం మీద, కార్డు మీద బాగుండాలి. దేని మీద ప్రింట్ అవుతుందో ముందు అడగండి, తర్వాతే ఫైల్ తెరవండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఫొటోషాప్ 1990 నుంచీ ఉంది, చాలా షాపుల్లో అదే వాడతారు. దానికి డబ్బు కట్టాలి. మొదట్లో అంత ఖర్చు వద్దనుకుంటే గింప్ ఉచితం. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో, వేసిన ఎఫెక్టును తర్వాత మళ్లీ మార్చుకునే వీలు కూడా వచ్చింది. స్టిక్కర్ కటింగ్‌కు మన దగ్గర కోరెల్‌డ్రా ఎక్కువ నడుస్తుంది. దానికి బదులు ఉచితంగా దొరికేది ఇంక్‌స్కేప్. దొంగ కాపీలు వేసుకోవద్దు. వాటితో పాటు వైరస్ వస్తే కస్టమర్ల ఫైళ్లన్నీ పోతాయి.

పని 1: పది అడుగుల ఫ్లెక్సీ

స్పేర్ పార్ట్స్ షాపాయన 10 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు బోర్డు అడిగాడనుకుందాం. అంటే 120 అంగుళాలు, 48 అంగుళాలు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 72 పిక్సెళ్లు సరిపోతాయి. ఫైల్ సైజు 8640 × 3456 పిక్సెళ్లు పెట్టండి.

ఆయన లారీ ఫొటో వాట్సాప్‌లో పంపుతాడు. మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది. 1600 పిక్సెళ్ల ఫొటోను పది అడుగులకు సాగదీస్తే అంగుళానికి 13 పిక్సెళ్లే మిగులుతాయి, గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ఏ ఎఫెక్టూ దాన్ని కాపాడలేదు. "అన్నా, ఫొటోను డాక్యుమెంట్‌గా పంపు" అని అడగండి. ఈ ఒక్క మాటతో సగం పని తేలికవుతుంది.

ఇప్పుడు ఎఫెక్టులు, వరసగా:

ఒకటి. లారీ వెనకాల ఉన్న గోడ, జనం తీసేయాలి. ఎరేజర్‌తో చెరపవద్దు. లేయర్ మాస్క్ వాడండి. మాస్క్‌లో నలుపు పూసినచోట ఫొటో దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది. అద్దం కొస పొరపాటున పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చు. ఎరేజర్‌తో చెరిపి సేవ్ చేస్తే పోయినట్టే.

రెండు. లారీ గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. టైర్ల కింద కొత్త లేయర్‌లో మెత్తటి బ్రష్‌తో ముదురు రంగు పూసి, బ్లెండింగ్ మోడ్ మల్టిప్లై పెట్టండి. కింద ఉన్న రంగును అది ముదురు చేస్తుంది, నేల మీద నిజమైన నీడ పడ్డట్టుంటుంది. ఫొటోలో ఎండ ఎడమ నుంచి పడుతుంటే నీడ కుడివైపే ఉండాలి. అక్షరాల నీడ కూడా అటే. ఒక బోర్డులో రెండు సూర్యులు ఉండకూడదు.

మూడు. హెడ్‌లైట్ వెలుగు కావాలంటే పసుపు కలిసిన తెలుపు మచ్చను వేరే లేయర్‌లో వేసి స్క్రీన్ మోడ్ పెట్టండి. మల్టిప్లైకి ఇది ఎదురు, కింది రంగును వెలిగిస్తుంది. రెండు దీపాలకు చాలు. అక్షరాలకు కూడా గ్లో పెడితే దూరం నుంచి పేరు మసకబారుతుంది.

నాలుగు. అక్షరాల చుట్టూ గీత, అంటే స్ట్రోక్. ముదురు నేల మీద లేత అక్షరాలకు ఇది బాగా పనికొస్తుంది. ఈ ఫైల్‌లో 36 పిక్సెళ్లంటే బోర్డు మీద అర అంగుళం. అంతకు మించేముందు ఒకసారి చూసుకోండి.

అయిపోయాక ఫైల్‌ను బొటనవేలంత కనిపించేలా జూమ్ తగ్గించండి. షాపు పేరు, ఫోన్ నంబర్ అప్పుడూ చదవగలిగితే బోర్డు రోడ్డు అవతలకీ కనిపిస్తుంది. కనపడకపోతే ఎఫెక్టులు తీసేయండి, అక్షరం పెంచండి.

తెలుగు అక్షరంతో జాగ్రత్త

ఇంగ్లిష్ అక్షరానికి చేసినదంతా తెలుగుకు చెల్లదు. ద, ధ మధ్య తేడా చిన్న గీతే. డ, ఢ కూడా అంతే. స్ట్రోక్ లావైతే, బెవెల్ ఎక్కువైతే ఆ గీత మూసుకుపోతుంది. బండి ఓనరు "ధనలక్ష్మి" అని రాయమంటే "దనలక్ష్మి" అవుతుంది. అమ్మవారి పేరు తప్పు పడితే ఆయన బండి తీసుకెళ్లడు, మీకు డబ్బులూ ఇవ్వడు.

ఫొటోషాప్‌లో తెలుగు యూనికోడ్ టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయా? ప్రిఫరెన్సెస్‌లో టైప్ సెట్టింగ్‌లోకి వెళ్లి, పాత వెర్షన్‌లో సౌత్ ఏషియన్ ఉన్న ఆప్షన్, ఆ తర్వాతి కొన్ని వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఉంటే ఎంచుకోండి. ఫైల్ మూసి మళ్లీ తెరవండి. "స్త్రీ", "లక్ష్మి" అని కొట్టి చూసుకోండి. అను ఫాంట్లతో చేసిన ఫైల్‌ను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ప్రింటింగ్‌కు పంపేముందు అక్షరాలను బొమ్మగా మార్చి పంపండి, అసలు ఫైల్ మీ దగ్గర ఉంచుకోండి.

ఉచిత యూనికోడ్ ఫాంట్లు కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురవరం, గురజాడ, ఎన్టీఆర్ దొరుకుతాయి. షాపు పనికి వాడినా డబ్బు కట్టక్కర్లేదు. పెద్ద అక్షరాలకు లావుగా ఉండే రామభద్ర బాగుంటుంది. చిన్న వివరాలకు మండలి తేలిగ్గా చదవొచ్చు. ఆ పేరు మన కృష్ణా జిల్లా వ్యక్తిదే. 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు దానికి పెట్టారు.

పని 2: బండి మీద రేడియం స్టిక్కర్

ఇక్కడ ఫొటో ఎఫెక్టులు పనిచేయవు. కటింగ్ మెషిన్ బ్లేడుతో గీత వెంట కోస్తుంది, అంతే. మెత్తటి నీడ, గ్లో, రంగులో రంగు కలవడం దానికి తెలియవు. నీడ కావాలంటే అదే పేరును ఇంకో రంగు షీట్‌లో కోయించి, కొంచెం పక్కకు, కిందికి జరిపి ముందు అతికించండి. దాని మీద అసలు రంగు. రెండు షీట్లతో నీడ వచ్చేస్తుంది. ఒత్తులు మరీ చిన్నగా ఉంటే అక్కర్లేని ముక్కలు పీకేటప్పుడు అవీ ఊడొస్తాయి. అందుకని సన్న ఫాంట్ వద్దు.

రెండు చోట్ల చెయ్యి పెట్టవద్దు. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు మీద స్టిక్కర్, డిజైన్ నంబర్, రంగు ఏదీ వేయకూడదు. లారీకి ముందు తెలుపు, పక్కన పసుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టివ్ టేపులు ఉంటాయి. వాటిని డిజైన్‌తో కప్పవద్దు. రాత్రి హైవే మీద వెనకొచ్చేవాళ్లకు ఆగిన లారీ కనిపించేది ఆ టేపు వల్లే.

పని 3: విజిటింగ్ కార్డు

చేతిలో పట్టుకుని దగ్గరగా చూస్తారు కాబట్టి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 3.5 × 2 అంగుళాల కార్డుకు 1050 × 600 పిక్సెళ్లు. కట్ చేసేటప్పుడు తెల్ల అంచు రాకుండా నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలండి. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ, నీలం సీఎంవైకే సిరాలో చప్పబడతాయి. ఒక నమూనా ప్రింట్ తీసి, కస్టమర్‌కు చూపించి ఒప్పించుకున్నాకే మొత్తం వేయించండి.

చేయకూడని ఎడిటింగ్

ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, బండి ఆర్‌సీ ఫొటోల్లో పేరు, తేదీ, అంకె మార్చి ఇమ్మని అడిగేవాళ్లు వస్తారు. "చిన్న కరెక్షనే" అంటారు. అది ఫోర్జరీ. అడిగినవాడితో పాటు మార్చిన మీ మీదా కేసు పడుతుంది. తప్పుంటే సచివాలయానికో, ఆధార్ కేంద్రానికో వెళ్లమని చెప్పి పంపండి. పథకం దరఖాస్తు ఫొటోలో కూడా ముఖం తెల్లబరచడం, సన్నబరచడం వద్దు. ముఖం సరిపోలకపోతే నష్టపోయేది ఆ లబ్ధిదారే.

రుణం గురించి క్లుప్తంగా

2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర యోజన కింద తనఖా లేకుండా రుణం ఇస్తారు. శిశు: 50,000 రూపాయల వరకు. కిశోర్: 5 లక్షల వరకు. తరుణ్: 10 లక్షల వరకు. తరుణ్ రుణం సరిగా తీర్చినవారికి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల వరకు. ముద్ర నేరుగా మీకు డబ్బు ఇవ్వదు, బ్యాంకు ఇస్తుంది. మధ్యవర్తికి పైసా ఇవ్వక్కర్లేదు. ఇది అప్పు, వడ్డీతో కట్టాలి.

కొత్తగా మొదలుపెట్టేవారికి మా సూచన: ముందు ఒక కంప్యూటర్ చాలు. ప్రింటింగ్, కటింగ్ బయట మెషిన్ ఉన్నవాళ్లతో చేయించుకోండి. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు అప్పు చేసి మెషిన్ కొన్నవాళ్లకే భయం ఎక్కువ. ఫ్లెక్సీ మెషిన్ కోసం పెద్ద అప్పు చేసేముందు అప్పటి నిబంధన కార్పొరేషన్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. గుడ్డ బ్యానర్, రేడియం, కార్డులు మూడూ వచ్చినవారికి ఒక దారి మూసుకున్నా ఇంకోటి ఉంటుంది.

శిక్షణ ఇంకా తీసుకోనివారు రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కోర్సుల గురించి మీ గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి.

ఫైల్ పంపేముందు ఐదు ప్రశ్నలు

దేని మీద ప్రింట్? సైజు, పిక్సెళ్లు సరిపోయాయా? నీడలన్నీ ఒకవైపేనా? ఒత్తులు, ధ, ఢ సరిగ్గా ఉన్నాయా? కస్టమర్ చూసి సరే అన్నాడా?

ఐదింటికీ అవునంటేనే పంపండి. ఈ పేజీని ఫోన్‌లో దాచుకోండి, మీతో పాటు శిక్షణ తీసుకున్నవారికీ పంపండి.