మీడియా ఫైళ్లు: క్లౌడ్ నిల్వ ఉంటే బ్యాకప్ అక్కర్లేదా?

వెబ్‌సైటులోని ఫొటోలు, ఆడియో, వీడియోలను మీడియా ఫైళ్లు అంటారు. ఇవి పెరిగేకొద్దీ సర్వర్ డిస్కు నిండిపోతుంది. అప్పుడు వాటిని క్లౌడ్ ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు తరలిస్తారు. అలాంటప్పుడు వేరే బ్యాకప్ ఎందుకన్న సందేహం మీకు రావచ్చు. దానికి సమాధానం ఈ భాగంలో చూద్దాం.

ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో ప్రతి ఫైలూ ఒక ఆబ్జెక్ట్. ఆబ్జెక్టులను ఉంచే చోటును బకెట్ అంటారు. 2006లో ప్రారంభమైన అమెజాన్ ఎస్3 దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దాని స్టాండర్డ్ తరగతిలో ప్రతి ఆబ్జెక్టునూ కనీసం 3 అవైలబిలిటీ జోన్లలో భద్రపరుస్తారు. కాబట్టి ఒక డిస్కు చెడిపోయినా మీ ఫైలు పోదు.

అయితే ఈ ఏర్పాటు యంత్రాల వైఫల్యం నుంచి కాపాడుతుందే కాని, మన పొరపాటు నుంచి కాపాడదు. మీరు ఫైలును తొలగిస్తే అన్ని జోన్లలోనూ అది తొలగిపోతుంది. నేను పనిచేసిన విభాగంలో ఒకసారి, అనవసరమైనదనుకొని తాళపత్రాల ఫొటోలున్న ఫోల్డరును తుడిచేశాం. మళ్లీ ఫొటోలు తీద్దామని చూస్తే, అప్పటికే కొన్ని పత్రాలను పురుగు తినేసింది.

బ్యాకప్ అంటే ఒకనాటి స్థితిని విడిగా దాచిన ప్రతి. అది విడిగా ఉండటమే ముఖ్యం. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ అగ్నికి ఆహుతైంది. బ్యాకప్‌ను కూడా అక్కడే ఉంచుకున్న కొందరు ఖాతాదారులు రెండింటినీ కోల్పోయారు.

మరి దేన్ని ఎంచుకోవాలి? ఫైళ్లు తక్కువగా ఉంటే వాటిని సర్వర్‌లోనే ఉంచి, క్రమం తప్పకుండా వేరే చోటికి బ్యాకప్ తీస్తే చాలు. ఫైళ్లు ఎక్కువైతే ఆబ్జెక్ట్ స్టోరేజ్ వాడి, వెర్షనింగ్ సదుపాయాన్ని ఆన్ చేయండి. అప్పుడు మామూలుగా తొలగించిన ఫైలు పాత వెర్షన్ మిగిలి ఉంటుంది. కాని ఖాతా పాస్‌వర్డే పరుల చేతికి చిక్కితే వెర్షన్లనూ తుడిచేయగలరు. అందువల్ల మరో ఖాతాలోనో, ఇంట్లో విడిగా ఉంచిన హార్డ్ డిస్కులోనో ఇంకొక ప్రతి ఉండాలి. అప్పుడప్పుడు దాని నుంచి కొన్ని ఫైళ్లను తిరిగి తెచ్చి, తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

సారాంశం: ఆబ్జెక్ట్ స్టోరేజ్ ఫైళ్లు ఉండే చోటు, బ్యాకప్ అవి పోయినప్పుడు ఆదుకునే ప్రతి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది అక్కర్లేదనుకోకూడదు.

అభ్యాసం: మీ ఫోనులోని ఫొటోలకు ఎన్ని ప్రతులు ఉన్నాయి? ఫోనులో ఒక ఫొటోను తొలగిస్తే వాటిలో ఎన్ని మిగులుతాయి?