సీసాలో బుడగకు కొలత

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు నేలమాళిగల్లో ఒకప్పుడు వసంతకాలం వస్తోందంటే గుండెలు అదిరేవి. చలికి సద్దుమణిగిన ఈస్ట్, వాతావరణం వేడెక్కగానే మేల్కొని సీసాలో మిగిలిన చక్కెరను తినడం మొదలుపెట్టేది. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి ఉండేది కాదు. ఒక సీసా పేలితే ఆ దెబ్బకు పక్కవీ పగిలేవి. పనివాళ్లు ముఖాలకు ఇనుప ముసుగులు తొడుక్కుని లోపలికి దిగేవారు. మరికొన్ని సీసాలు తెరిస్తే బుడగే లేచేది కాదు.

చక్కెరతో నురగ వస్తుందని అంతకుముందే తెలుసు. 1662 డిసెంబరులో లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వైద్యుడు క్రిస్టఫర్ మెరెట్, వైన్ చురుగ్గా పొంగేందుకు చక్కెర, మొలాసిస్ కలుపుతున్నారని రాశాడు. అప్పటికే ఇంగ్లండ్‌లో కట్టెలకు బదులు బొగ్గు మండించి గట్టి గాజు తయారుచేస్తున్నారు. ఒత్తిడికి ఓర్చుకునే సీసా దొరికింది. చక్కెర ఎంత వేయాలన్న లెక్క మాత్రం దొరకలేదు.

ఆ లెక్కకు 1830లలో దారి చూపినవాడు షాలోన్ పట్టణపు ఫార్మసిస్టు జాన్ బాప్టిస్ట్ ఫ్రాన్సువా. చక్కెర కలిపే ముందు వైన్‌లో ఇప్పటికే ఎంత ఉందో తేల్చాలన్నాడు. అందుకు ద్రవంలో తేలే హైడ్రోమీటర్ ఉంది. పాలకేంద్రాల్లో వాడే లాక్టోమీటర్ కూడా ఈ జాతిదే. అయితే చక్కెర ద్రవం సాంద్రతను పెంచుతుంది, ఆల్కహాల్ తగ్గిస్తుంది. రెండూ కలిసి ఉంటే రీడింగు నమ్మలేం. అందుకని ఆయన వైన్‌ను కాచి, ఆల్కహాల్‌ను ఆవిరిగా పోగొట్టి, చిక్కబడ్డ ద్రవాన్ని కొలిచాడు. ఉన్న చక్కెర తెలిస్తే కలపాల్సింది తీసివేత లెక్కే. నేటి షాంపేన్‌లో ఒక్కో వాతావరణ పీడనానికి లీటరుకు సుమారు 4 గ్రాముల చక్కెర పడుతుంది. ఆరు వాతావరణాల ఒత్తిడికి 24 గ్రాములు.

ఇంట్లో కాచుకునే బీరుకూ ఇదే సూత్రం. బ్రిటన్‌లో 1963లో లైసెన్సు నిబంధన తొలగింది. అమెరికాలో 1978లో చట్టం అనుమతించింది. దాంతో ఇంట్లో బీరు కాచేవాళ్లకూ సీసాల సమస్య ఎదురైంది. లీటరు బీరులో లీటరు వాయువు కరిగి ఉంటే దాన్ని ఒక వాల్యూమ్ అంటారు. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో ముందే దాదాపు 0.85 వాల్యూమ్ ఉంటుంది. 2.4 కావాలంటే తక్కువపడింది 1.55. వాల్యూమ్‌కు 4 గ్రాముల చొప్పున 20 లీటర్లకు సుమారు 125 గ్రాముల పంచదార చాలు.

లెక్క సరిపోయినా అన్ని సీసాల్లో సమంగా పొంగు రాకపోవచ్చు. పాకం బీరుకంటే బరువైనది కాబట్టి కలపకపోతే అడుగున పేరుకుంటుంది. అప్పుడు కొన్ని సీసాలకు ఎక్కువ తీపి చేరుతుంది, కొన్నింటికి తక్కువ. అందుకే పంచదారను కొద్దిపాటి నీళ్లలో మరిగించి, చల్లార్చి, శుభ్రమైన వేరే పాత్ర అడుగున పోస్తారు. బీరును గొట్టంతో నెమ్మదిగా దానిమీదికి దింపుతారు. గొట్టం చివర పాత్ర గోడవారగా, ద్రవంలో మునిగి ఉంటే సుడి తిరుగుతూ కలుస్తుంది. ఆ తర్వాత శుభ్రమైన గరిటెతో మృదువుగా ఒకసారి తిప్పితే మంచిది. చిలికినట్టు కలిపితే గాలిలోని ఆక్సిజన్ చేరి రుచి చెడుతుంది.

మూత వదులుగా పడితే వాయువు కారిపోతుంది. బాల్టిమోర్‌లో విలియమ్ పెయింటర్ 1892లో పేటెంట్ పొందిన సోడామూత ఇప్పటికీ ఈ పని చేస్తోంది. సీసాలన్నిటినీ ఒకే వెచ్చదనంలో, 20 డిగ్రీల దగ్గర, రెండు వారాలు ఉంచాలి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది పులియడం ముగిసిందా అన్నది. హైడ్రోమీటర్ రెండు మూడు రోజులపాటు ఒకే అంకె చూపకపోతే సీసాల్లో నింపకూడదు. లోపల మిగిలిన చక్కెర మన లెక్కలో లేనిది. గాజును పగలగొట్టేది అదే. ఉన్నదెంతో తేల్చుకున్నాకే కలపమని ఫ్రాన్సువా నేర్పిన క్రమాన్ని పాటించి, సమంగా కలిపితే మొదటి సీసాకూ చివరి సీసాకూ పొంగులో పెద్దగా తేడా ఉండదు, సీసా పట్టుకున్న చేతికి ప్రమాదమూ తగ్గుతుంది.