ట్రాక్టరు తొట్టి బ్రేకులు పట్టనిచో



కోనసీమ సమతల ప్రదేశమే యైనను, బండి తోలువారికి పల్లము తగులని దినముండదు. ఏటిగట్టు నెక్కి దిగు బాటలును, కాలువ వంతెనల వాలులును అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందు అంతటను గలవు. పూర్వము ధాన్యము, కొబ్బరికాయలు పడవలమీదను ఎడ్లబండ్లమీదను సాగెడివి. వాలులో బండి ముందుకు తోసికొని వచ్చినపుడు ఎడ్లు కాళ్లు తన్నిపట్టి నిలుపుకొనెడివి. నేడు ట్రాక్టరు తొట్టికి అట్టి ప్రాణము లేదు. బ్రేకు ఒక్కటియే దానికి కళ్లెము.

75 కిలోల బస్తాలు 50 వేసినచో ధాన్యమే 3,750 కిలోలగును. తొట్టి బరువు దీనికి అదనము. ముందున్న ట్రాక్టరు సుమారు 2,000 కిలోలు. తనకు రెట్టింపునకు మించిన బరువు వెనుకనుండి త్రోయుచుండగా ట్రాక్టరు బ్రేకులే ఆపవలసివచ్చినచో, బండి అడ్డము తిరుగవచ్చును. ప్రక్కన కాలువ యున్నచోట దాని ఫలితము చెప్పనక్కరలేదు. వేగము గంటకు 20 కిలోమీటర్లనుండి 40కి పెరిగినచో, బ్రేకు అణచవలసిన శక్తి రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును.

మొదట ట్రాక్టరును చూడవలెను. దమ్ముచేయునపుడు మడిమూలల తిరుగుటకై రెండు బ్రేకు పెడళ్లను విడదీయుదుము. రోడ్డెక్కుటకు ముందు వానిని కొక్కెముతో తప్పక కలుపవలెను. మరచినచో ఒక చక్రమే పట్టి బండి ఆ ప్రక్కకు లాగును. కలిపిన పిదపను ప్రక్కకు లాగుచున్నచో రెండు పెడళ్ల వదులు సమముగా లేదేమో చూడవలెను. పొడి బ్రేకులు గల పాత ట్రాక్టర్లలో దమ్ము బురదనీరు లోన జేరి పట్టు తగ్గించును. ఇరుసు సీలు చెడి నూనె కారినను అంతియే.

ఇక తొట్టి. పెక్కు తొట్లకు అసలు బ్రేకులే యుండవు. ఇది మొదటి లోపము. అమెరికాలో తొట్లకు విద్యుత్ బ్రేకులను విరివిగా వాడుదురు. చక్రపు డ్రమ్ములోపల ఒక విద్యుదయస్కాంతము ఉండును. కరెంటు పారగానే అది తిరుగుచున్న డ్రమ్మును అంటుకొని, ఒక మీటను లాగి, బ్రేకు పలకలను డ్రమ్మునకు నొక్కును. కావున చక్రము తిరుగనిదే ఈ బ్రేకు పట్టదు. బండి నిలిపినపుడు దీనిని నమ్మక, చక్రములకు దిమ్మలు పెట్టవలెను.

ఇట్టి బ్రేకు బలహీనపడినపుడు పలువురు అయస్కాంతమునే అనుమానింతురు. తరచుగా దోషము తీగెలలో ఉండును. 10 మొదలు 12 అంగుళముల బ్రేకులో ఒక్కొక్క అయస్కాంతము 12 వోల్టులవద్ద 3 మొదలు 4 ఆంపియర్లలోపు తీసికొనును. రెండును కలిసి 7 ఆంపియర్లు తీసికొనవలసినచోట, చిలుము పట్టిన ఒక్క కీలులో 1 ఓము అడ్డు చేరినచో కరెంటు నాలుగున్నరకు దిగును. ఉప్పుగాలి తగులు తీరగ్రామములందు చిలుము త్వరగా పట్టును. పరీక్షకు ఈ వరుస మేలు:

1. బ్యాటరీవద్దను, తొట్టి చక్రమువద్దను వోల్టులు కొలువవలెను. చక్రమువద్ద చాల తగ్గినచో దోషము నడుమనున్న తీగెలది. తీగెలు సన్ననివైనను ఇట్లే జరుగును.

2. ఎర్తు కరెంటును కొక్కీద్వారా పోనీయక, దానికి వేరు తీగె వేయవలెను.

3. వోల్టులు సరిగా నుండి ఆంపియర్లు తగ్గినచో అయస్కాంతమును చూడవలెను.

4. కరెంటు సరిగానున్నను పట్టనిచో డ్రమ్ము విప్పవలెను. గ్రీజు అంటిన పలకలను మార్చవలెను. అవి బాగున్నచో, డ్రమ్మునకు తగులునంతవరకు బిగించి, చక్రము స్వేచ్ఛగా తిరుగునంతవరకు వదులు చేయవలెను.

బ్రేకులెంత మంచివైనను తోలుట తెలియవలెను. బరువు ఇరుసునకు వెనుక ఎక్కువైనచో, తొట్టి ముందుభాగము లేచి ట్రాక్టరు వెనుకచక్రముల పట్టు తగ్గును. ఏ గేరుతో వాలు ఎక్కుదుమో ఆ గేరుతోనే దిగవలెను. డీజిలు ఆదాయేమోయని న్యూట్రలులో దిగువారు గుక్కెడు నూనెకు ప్రాణమును తాకట్టు పెట్టుచున్నారు.

వోల్టులు, ఆంపియర్లు కొలుచు మీటరును సంఘమున ఒకటి ఉంచుకొన్నచో సభ్యులందరికి నుపయోగపడును. కోతలు రాకముందే, ఖాళీ తొట్టితో, చదునైన నేలమీద బ్రేకు పరీక్షించుడు. నిండు తొట్టితో గట్టు దిగునపుడు తెలిసికొన్న లోపమునకు మరమ్మతు లేదు.