మోటారు సైకిలు ఇంజనులో ‘మిస్సింగు’

మద్రాసులో 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ తయారు చేసిన బుల్లెట్టు బండ్లు, పాయింట్లు గల పాతవి, నేటికిని మన రోడ్లపై తిరుగుచున్నవి. వాని యజమానులకు పరిచితమైన కష్టమొకటి కలదు. ఇంజను దెబ్బ తప్పి కొట్టుకొనును. సైలెన్సరు టపామని పేలును. ఎత్తు ఎక్కవలసి వచ్చినంతనే బండి చతికిలబడును. మెకానిక్కులు దీనినే ‘మిస్సింగు’ అందురు. అంతట ప్లగ్గు, కాయిలు, కార్బురేటరు వరుసగా మార్పించుట సాధారణము. డబ్బు పోవును గాని దోషము పోదు.

ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఈ బండిలో క్షణమునకు 25 మారులు నిప్పురవ్వ పుట్టవలెను. అది తప్పినను, గాలి పెట్రోలుల పాళ్లు చెడినను, సిలిండరులో ఒత్తిడి నిలువకున్నను చప్పుడు ఇంచుమించు ఒక్కటే. కావున చప్పుడును నమ్మరాదు. దోషము ఎప్పుడు కనబడుచున్నదో మొదట గమనింపవలెను.

వానలో మాత్రమే తప్పినచో ప్లగ్గు టోపీని, దాని తీగను అనుమానింపుడు. చల్లగా ఉన్నపుడు చక్కగా నడిచి, కొంతదూరము పోయిన పిదప ఆగి, కాసేపటికి మరల నడచు బండి విషయము చిక్కైనది. దీనికి రెండు కారణములుండవచ్చును. పెట్రోలు ట్యాంకు మూతలోని గాలిరంధ్రము పూడినచో పెట్రోలు క్రిందికి దిగదు. లేదా, వేడెక్కిన కాయిలో కండెన్సరో పని మానును. ఆగిన చోటనే మూత తీయుడు. గాలి బుస్సుమని లోనికి పోయి, పిమ్మట ఇంజను సరిగా నడచినచో దోషము మూతదే. కానిచో అచ్చటనే నిప్పురవ్వను పరీక్షింపుడు. ప్లగ్గు ఊడదీసి, తీగ తగిలించి, దాని లోహభాగమును ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టవలెను. ప్లగ్గు రంధ్రమునకు దూరముగా ఉండవలెను సుమా! రంధ్రమునుండి చిమ్ము పెట్రోలు ఆవిరి అంటుకొనును. రవ్వ నీలముగా, చురుకుగా ఉండవలెను.

ప్లగ్గు రంగు కూడ చాల చెప్పును. ఇటుక రంగు మంచిది. పొడి మసి పెట్రోలు హెచ్చుటకు, జిడ్డు నలుపు నూనె పైకి వచ్చుటకు గుర్తు. తెల్లనిది ప్రమాదకరము: పెట్రోలు చాలక ఇంజను అతిగా కాగుచున్నది. ఉపేక్షించినచో పిస్టను చెడును. చోకు కొంచెము వేయగా నడక బాగుపడినచో జెట్టు పూడినదో, కార్బురేటరు బిగింపు వద్ద గాలి దూరుచున్నదో చూడవలెను. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ల ఎథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చును. నెలల తరబడి నిలిపిన బండి మిస్సింగు చేసినచో ట్యాంకు అడుగు పెట్రోలును ఆరుబయట గాజుసీసాలోనికి దింపి చూచుట మేలు. నీరు వేరైనచో అడుగున తేటగా తెలియును.

పాయింట్ల ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గు ఎడము సుమారు 0.5 ఉండవలెను. పాయింట్లు గుంటలు పడి, వాని నడుమ పెద్ద మెరుపులు వచ్చుచున్నచో కండెన్సరు మార్పుడు. ఒక్కొక్కమారు ఒక్కటే మార్చి నడిపి చూడవలెను; రెండు కలిపి మార్చినచో ఏది దోషమో తెలియదు. ఇవన్నియు సరిగా ఉండి, కిక్కు ఎదురు లేక దిగిపోవుచున్నచో వాల్వులో, పిస్టను రింగులో అరిగియుండును. ఆ పని వర్కుషాపువారిది.