సెల్‌ఫోనుకు సరిహద్దు ఉందా?

దేశానికి సరిహద్దు ఉంటుంది. అక్కడ సైనికులు కాపలా కాస్తారు. మరి సెల్‌ఫోనులోకి వచ్చే వాటికి సరిహద్దు ఏది?

టిక్‌టాక్ గుర్తుందా? చిన్న చిన్న వీడియోలు తీసి అందరికీ చూపించే యాప్ అది. పల్లెటూరి ఆడవాళ్లు కూడా అందులో పాటలు పాడారు, ఆడారు, నవ్వించారు. దాని యజమాని బైట్‌డాన్స్ అనే చైనా కంపెనీ.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో మన సైనికులకూ చైనా సైనికులకూ ఘర్షణ జరిగింది. మన సైనికులు 20 మంది చనిపోయారు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు వారిలో ఒకరు. రెండు వారాలకు, జూన్ 29న, భారత ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. ఇవి దేశ సార్వభౌమత్వానికి హాని చేస్తున్నాయని ప్రభుత్వం చెప్పింది.

సార్వభౌమత్వం అంటే ఏంటి? మన ఇంటి పెత్తనం పక్కింటి వాళ్ల చేతికి ఇవ్వం కదా! దేశమూ అంతే. మన దేశం సంగతులు మనమే తేల్చుకోవాలి. అదే సార్వభౌమత్వం.

యాప్‌తో దానికి ముప్పు ఎలా వస్తుంది? రెండు భయాలున్నాయి.

మొదటిది సమాచారం. మనం ఎక్కడున్నామో, ఎవరి నంబర్లు దాచుకున్నామో, ఏం చూస్తున్నామో యాప్ తెలుసుకోగలదు. చైనాలో 2017లో ఒక చట్టం వచ్చింది. నిఘా పనిలో కంపెనీలు ప్రభుత్వానికి సాయం చేయాలని ఆ చట్టం చెబుతోంది. అయితే భారతీయుల సమాచారం చైనా ప్రభుత్వానికి ఇవ్వలేదని టిక్‌టాక్ చెప్పింది.

రెండోది చూపించే తీరు. ఏ వీడియో ఎవరికి చూపాలో కంపెనీ కంప్యూటర్లే ఎంచుతాయి. ఎన్నికలప్పుడు ఒక వైపు మాటలే పదే పదే చూపిస్తే? జనం మనసు మారిపోవచ్చు.

ఈ భయం చైనా యాప్‌లతోనే కాదు. ఫేస్‌బుక్ అమెరికా కంపెనీ. దాన్ని వాడేవారి సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా అనే బ్రిటన్ సంస్థకు చేరిన సంగతి 2018లో పెద్ద గొడవైంది. ఎన్నికల ప్రచారాలకు పనిచేసే సంస్థ అది. సుమారు 5 లక్షల 62 వేల మంది భారతీయుల సమాచారం కూడా చేరి ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది.

టిక్‌టాక్ పోయాక చాలామంది ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు మారారు. అదీ ఆ అమెరికా కంపెనీదే. కాబట్టి ఒక యాప్ పోతే సరిపోదు. గట్టి చట్టం కావాలి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని ప్రకారం కంపెనీలు మామూలుగా మన సమాచారం ఎందుకో చెప్పి, మన ఒప్పుదలతోనే తీసుకోవాలి.

చదవకుండా కాగితం మీద వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఫోనులో 'అనుమతించు' అనే మాట మీద నొక్కడమూ వేలిముద్ర లాంటిదే. ఇప్పుడు చదువు వచ్చింది. చదివాకే నొక్కండి. పాటల యాప్‌కు మీ దగ్గరివాళ్ల నంబర్లతో పనేంటి? 'వద్దు' అని నొక్కండి.

ఆలోచించండి:
1. మీ ఫోనులోని యాప్‌లు ఏ దేశం కంపెనీలవి?
2. మీకు వచ్చే వీడియోలను ఎంచేది ఎవరు?