తిట్టేది ఆఫెన్సా, కొట్టేది ఆఫెన్సా?

“దేవరగట్టు బన్నిలో తలకాయలు పగులుతాయి, ఎవురూ కంప్లైంటు ఇయ్యరు. మా వీధిలో ఒకాయన ఇంకొకాయన్ని తిట్టినాడని మాత్రం స్టేషన్‌కు పోయినారు. ఆడేమో ‘ఇది కాగ్నిజబుల్ ఆఫెన్స్ కాదు’ అని పంపించినారంట. ఫోన్‌లో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు ముందుకు దూకి ఆడేదాన్ని కూడా ఆఫెన్స్ అనే అంటారు. ఇంతకీ ఆఫెన్స్ అంటే ఏంది సార్? తిట్టేదా, కొట్టేదా?”

కర్ణాటక సరిహద్దు దగ్గరి హొళగుంద పక్క చదువుకునే ఒక పిల్లవాడి సందేహం ఇది. దసరా రాత్రి దేవరగట్టులో కర్రలతో జరిగే ఉత్సవమే వాడు చెప్పిన బన్ని. పెద్ద పెద్ద కోర్టులు కూడా నేటికీ తేలుస్తూనే ఉన్న విషయాన్ని వాడు అడిగాడు. కనుక తొందర లేకుండా మొదటినుంచి చూద్దాం.

పొలం చుట్టూ వేసే ఫెన్సింగ్ అందరికీ తెలిసిందే. ఆ ఫెన్స్ అనే మాట డిఫెన్స్ అనే మాటకు కుదింపు. డిఫెన్స్ అంటే రక్షణ. లాటిన్ భాషలో కొట్టడం, తాకడం అనే అర్థమున్న ఒక ధాతువు ఉంది. మన వ్యాకరణంలో ‘హారం’ ముందు ఉపసర్గ మారితే ప్రహారం, విహారం, సంహారం అని అర్థాలు మారిపోయినట్టే, ఆ ధాతువు ముందు ‘దూరంగా’ అన్న ఉపసర్గ చేరితే డిఫెండ్ అయింది, అంటే వచ్చే దెబ్బను దూరంగా నెట్టడం. ‘ఎదురుగా’ అన్న ఉపసర్గ చేరితే ఆఫెండ్ అయింది, అంటే ఎదురుగా వెళ్లి తగలడం. కాబట్టి ఆఫెన్స్‌కు పుట్టుకతో ఉన్న అర్థం తగలడమే.

మరి ఏది దేనికి తగిలింది? అర్థాలు చీలిపోయింది ఇక్కడే. కాలు రాయికి తగిలితే మనిషి తొట్రుపడతాడు. పాత ఇంగ్లీషు బైబిల్లో ఈ మాటకు ఆ అర్థం ఉంది. తెలుగు బైబిల్ అనువాదకులు అలాంటి చోట్ల ‘అభ్యంతరము’ అని వాడారు. ఒకరి మాట ఇంకొకరి మనసుకు తగిలితే అది అవమానం, నొచ్చుకోవడం. ఒకరు చేసిన పని కట్టుబాటుకు తగిలి దాన్ని విరిస్తే నేరం. ఒక సైన్యమో ఆటగాళ్ల జట్టో ఎదుటివాళ్ల మీదికి పోయి తగిలితే దాడి. ఫోన్‌లో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు పిల్లవాడు చూసింది ఈ చివరిదాన్నే.

ఇంగ్లీషువాళ్లు ఒక్క మాట మీద ఇంత బరువు ఎందుకు పెట్టారని ఆశ్చర్యపోనక్కర్లేదు. మనమూ అదే చేశాం. ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అని రోజూ పేపర్లో చదువుతున్నాం. కర్రతో తగిలే దెబ్బ పేరే మనసుకు తగిలినదానికీ పెట్టుకున్నాం. ‘తప్పు’ సంగతీ అంతే. లెక్కలో చేసేదీ తప్పే, ఊరి కట్టుబాటు మీరడమూ తప్పే. పంచాయతీలో పెద్దమనుషులు వేసిన జరిమానా కూడా తప్పే. ‘తప్పు కట్టినాడు’ అంటే దండుగ చెల్లించాడని. హొళగుంద దాటి సిరుగుప్ప వైపు పోతే కన్నడంలోనూ ఇదే మాట. క్షమించమని అడగడానికి మనం ‘తప్పయింది’ అంటే వాళ్లు ‘తప్పాయ్తు’ అంటారు.

ఇంట్లో, వీధిలో ఇన్ని అర్థాలు కలిసిపోయి ఉన్నా ఇబ్బంది లేదు. మాట్లాడే సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. జైలుకు పంపే చట్టానికి మాత్రం అలా కుదరదు. అందుకే చట్టం ఈ మాటను పట్టి ఒక గీత లోపల కూర్చోబెట్టింది. 1862 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రెండింటిలోనూ ఆఫెన్స్‌కు ఇచ్చిన నిర్వచనం సారం ఒకటే: చట్టం దేనికి శిక్ష రాసిందో అదే ఆఫెన్స్. ఎవరి మనసు ఎంత నొచ్చింది, ఊరు ఏమనుకుంది, పాపమా పుణ్యమా అన్న ప్రస్తావన ఆ నిర్వచనంలో లేదు. హెల్మెట్ లేకుండా బండి నడిపితే ఎవరి మనసూ నొచ్చదు, కానీ అది ఆఫెన్స్. కన్నకొడుకు ఏళ్ల తరబడి తల్లితో మాట్లాడకపోతే ఆమె గుండె చెరువవుతుంది, కానీ అది ఆఫెన్స్ కాదు.

అయితే అదే చట్టంలో పాత అర్థం పూర్తిగా చెరిగిపోలేదు. సంహితలోని 118వ సెక్షన్ ప్రమాదకరమైన ఆయుధాలతో గాయపరచడం గురించి చెబుతుంది. అక్కడ ఇంగ్లీషు పాఠంలో ‘వెపన్ ఆఫ్ ఆఫెన్స్’ అన్న మాట ఉంటుంది. ఆ చోట ఆఫెన్స్ అంటే నేరం కాదు, దాడి. ఒకే పుస్తకంలో ఒకే మాటకు రెండు అర్థాలు. పిల్లవాడు గందరగోళపడ్డాడంటే వాడి తెలివిలో లోపమేమీ లేదు.

ఇప్పుడు తిట్టు దగ్గరికి వద్దాం. తిట్టుకు శిక్ష రాసి ఉందా? ఉంది. కానీ ప్రతి తిట్టుకూ కాదు. సంహిత 352వ సెక్షన్ ప్రకారం, కావాలని అవమానించి, ఆ అవమానంతో ఎదుటివాడు రెచ్చిపోయి శాంతిభంగమో మరో నేరమో చేయాలన్న ఉద్దేశం ఉంటే, లేదా అలా చేసే అవకాశం ఉందని తెలిసి తిడితే, రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో ఇది 504వ సెక్షన్. ఇక్కడ చట్టం చూసేది తిట్టిన మాట తర్వాత ఏం జరగగలదన్నదాన్ని. నలుగురిలో తిడితే అవతలివాడు కట్టె తీస్తాడు, వాడి అన్నదమ్ములు వస్తారు, ఊరు రెండుగా చీలుతుంది. ఆ మంట రాజేసే మాటను చట్టం ఆఫెన్స్ అంది. మనసు నొచ్చడం దానికి మొదటి మెట్టు మాత్రమే.

సికింద్రాబాద్‌లోని ఒక సంస్థలో పై అధికారి తనను గట్టిగా మందలించాడని కింది ఉద్యోగి ఇదే సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పని విషయంలో పై అధికారి మందలించడం, అది కటువుగా ఉన్నా సరే, ఈ సెక్షన్ చెప్పే అవమానం కాదని 2025 ఫిబ్రవరిలో కోర్టు ఆ కేసును కొట్టేసింది. మందలింపు పడ్డ మనిషికి బాధ కలగలేదని కోర్టు ఉద్దేశం కాదు. చట్టం అడిగిన మిగతా మెట్లు అక్కడ లేవు, అంతే.

బూతులు తిడితే? బహిరంగ స్థలంలో అశ్లీలమైన మాటలతో ఇతరులను విసిగిస్తే 296వ సెక్షన్ ఉంది. కానీ తిట్టులో బూతు మాట దొర్లినంత మాత్రాన అది చట్టం దృష్టిలో అశ్లీలం కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పరువునష్టం మరో దారి. అందులో మూడో మనిషి ఉండాలి. నా ముఖం మీద నన్ను నువ్వు దొంగ అంటే, వినేవాళ్లు ఎవరూ లేకపోతే, నా పరువుకు నష్టం ఎక్కడ జరిగినట్టు? బాధ నాలోపలే ఉంది, పరువు నలుగురి కళ్లలో ఉంటుంది.

ఇక్కడ ఒక్క తిట్టు దగ్గర మాత్రం ఆగాలి. కులం పేరుతో దళితుణ్ణో గిరిజనుణ్ణో తిట్టడాన్ని చట్టం మిగతా తిట్లతో కలపలేదు. 1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన దళితుల హత్యలు దేశాన్ని కదిలించాయి. ఆ తర్వాతే, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. నలుగురూ చూసేచోట, వినేచోట కులం పేరుతో దూషిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల వరకు జైలు. అవతలివాడు రెచ్చిపోయి కట్టె తీస్తాడా లేదా అని ఈ చట్టం అడగదు. అడగకపోవడమే న్యాయం. ఎందుకంటే తరతరాలుగా ఆ తిట్టు పడ్డవాడు కట్టె తీయలేకపోయాడు. తలవంచుకుని వెళ్లిపోయాడు. 352వ సెక్షన్ కొలబద్దతో చూస్తే, ఎదురు తిరగలేని వాడిని ఎంత తిట్టినా శాంతిభంగం కాదు కనుక ఆఫెన్సే కాకుండా పోతుంది. ఆ తిట్టు వెనక బావి దగ్గర నిలబెట్టిన చేతులూ, హోటల్లో వేరు పెట్టిన గ్లాసూ ఉన్నాయి. చట్టం వాటిని చూసింది. ఇంటి గుమ్మం దగ్గర, దారిన పోయేవాళ్లకు కనబడేలా తిట్టినా ‘నలుగురూ చూసేచోట’ కిందికే వస్తుందని 2008లో సుప్రీంకోర్టు వివరించింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు ఎవరూ లేనప్పుడు అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో మరో తీర్పు చెప్పింది.

తిట్టు సంగతి ఇది. ఇక కట్టె సంగతి.

దేవరగట్టు హొళగుంద మండలంలోనే ఉంది. విజయదశమి రాత్రి కొండ మీద మాళ మల్లేశ్వర స్వామి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులు కిందికి దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒక పక్క మూర్తులకు కాపలా. అరికెర, సుళువాయి, ఎల్లార్తి లాంటి ఊర్లవాళ్లు ఇంకో పక్క. దివిటీల వెలుతురులో, అర్ధరాత్రి వేళ, వేలమంది చేతుల్లో కర్రలు. గాయాలైనవాళ్లు పసుపు అద్దుకుని మళ్లీ జనంలో కలుస్తారు. స్వామి మణి, మల్లాసురులనే రాక్షసులను చంపిన గుర్తుగా ఈ బన్ని అని చెప్పుకుంటారు. ఉత్సవానికి ముందు పాలబాస (పాల సాక్షిగా ప్రమాణం) చేసుకుంటారు. తెల్లారితే ఎవరికి ఎవరి మీదా కోపం ఉండదు. “ఇది కొట్లాట కాదప్పా, మా ఆచారం” అంటారు. ఆ మాట వాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు.

అంటే ఇక్కడ దెబ్బ తగిలింది, కానీ ఎవరూ నొచ్చుకోలేదు. తిట్టు కేసులో నొచ్చుకున్నారు, కానీ ఒంటి మీద దెబ్బ లేదు. ఆఫెన్స్ అన్న మాటలోని రెండు అర్థాలూ ఇక్కడ విడిపోయి చెరో ఒడ్డునా నిలబడ్డాయి.

ఇష్టపడి తిన్న దెబ్బ నేరమా అని చట్టం రాసినవాళ్లకూ అనుమానం వచ్చింది. దానికి జవాబు సంహిత 25వ సెక్షన్‌లో ఉంది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఒప్పుకుని ఏదైనా చేస్తూ ఉండగా దెబ్బ తగిలితే, ప్రాణం తీయాలనో తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశం లేకపోతే, అలాంటిది జరుగుతుందన్న ఎరుకా లేకపోతే, అది ఆఫెన్స్ కాదు. దానికి చట్టమే ఇచ్చిన ఉదాహరణ కత్తిసాము. ఇంగ్లీషులో దాని పేరు ఫెన్సింగ్, మన పొలం చుట్టూ ఉన్న ఫెన్సింగ్‌కు స్వయానా అన్నదమ్ముడు! వినోదానికి ఇద్దరు ఒప్పుకుని, మోసం లేకుండా ఆడుతుండగా ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడు నేరస్థుడు కాడు.

బన్ని ఈ సెక్షన్ నీడలోకి వస్తుందా? పూర్తిగా రాదు. కారణాలు చట్టంలోనే ఉన్నాయి. తీవ్ర గాయం అంటే చేతులు కాళ్లు తెగిపోవడమే అనుకుంటాం. ఎముక విరిగినా, పన్ను విరిగినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. చీకట్లో, వేలమందిలో, ఇనుప పొన్నులు బిగించిన కర్రలు తిప్పితే ఎముకలు విరుగుతాయని తిప్పేవాడికి తెలుసు. కొన్నేళ్లు అక్కడ ప్రాణాలూ పోయాయి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు కర్ర పట్టుకుని దిగితే వాడి ఒప్పుకోలుకు ఈ సెక్షన్‌లో విలువ లేదు. చూడటానికి వచ్చి నిలబడ్డవాడైతే ఒప్పుకోనే లేదు.

కోపం లేకపోయినా చట్టానికి పట్టింపు ఎందుకు? పెద్ద నేరాన్ని చట్టం ఇద్దరి మధ్య తగాదాగా చూడదు, సమాజానికంతా జరిగిన హానిగా చూస్తుంది. అందుకే అలాంటి కేసుల్లో ఫిర్యాది పేరు కాకుండా ప్రభుత్వం పేరే కోర్టులో ముందుంటుంది. తల పగిలినవాడు ‘నాకేం కాలేదు’ అన్నా, వాడి పిల్లల చదువు, ఇంటి తిండి, ఆసుపత్రి ఖర్చు ఎవరో ఒకరు మోయాలి. ఏటా ఉత్సవానికి ముందు పోలీసులు ఊర్లలో సమావేశాలు పెట్టి చెప్పేదీ, కర్రలు పట్టుకుపోయేదీ ఇందుకే. నా మనసులో మాట చెప్పాలంటే, స్వామి మీద భక్తికి పాలబాస, దివిటీలు, జాగారం చాలు. ఇనుప పొన్ను అక్కర్లేదు.

ఇక పిల్లవాడు విన్న ఆ ‘కాగ్నిజబుల్’ మాట. కాగ్నిజబుల్ (ఎవరి అనుమతీ లేకుండా పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చేయగలది) ఒక రకం, నాన్ కాగ్నిజబుల్ (మేజిస్ట్రేటు ఆదేశిస్తేనే దర్యాప్తు చేయగలది) ఇంకో రకం. పోలీసులూ కోర్టులూ నడుచుకోవలసిన పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత పట్టికలో, న్యాయ సంహిత 352వ సెక్షన్ రెండో రకం. కాబట్టి ‘ఇది కాగ్నిజబుల్ ఆఫెన్స్ కాదు’ అంటే ‘ఇది నేరం కాదు’ అని కాదు, ‘ఇది నా అంతట నేను మొదలుపెట్టే కేసు కాదు’ అని. అలాంటప్పుడు కూడా వచ్చిన మనిషి చెప్పింది స్టేషన్‌లో రిజిస్టరులో రాసుకోవాలి, అతన్ని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని చెప్పాలి. సురక్షా సంహిత 174వ సెక్షన్ చెబుతున్నది అదే. ఊరికే పంపించడానికి లేదు. కులదూషణ మాత్రం మొదటి రకం. అందులో వెంటనే కేసు కట్టాలి, డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి.

మేజిస్ట్రేటు దగ్గరికి పోయాక కూడా ఒక దారి తెరిచే ఉంటుంది. 352వ సెక్షన్ కేసులో రాజీకి చట్టం ఒప్పుకుంటుంది. అయితే రాజీ పడే హక్కు అవమానం పడ్డ మనిషిది. ఊరి పెద్దలకూ తిట్టినవాడికీ పోలీసులకూ ఆ హక్కు లేదు. తిట్టినవాడు వచ్చి ‘తప్పయింది’ అంటే సరేనని కేసు వదులుకోవాలో, తీర్పు దాకా పోవాలో తేల్చుకోవలసింది పిల్లవాడి వీధిలోని ఆ తిట్లు పడ్డ ఆయనే.